ముందు మొక్క క్యాలెండరు, తర్వాత ఫెలోషిప్ క్యాలెండరు

నెల్లూరు నుంచో తిరుపతి నుంచో రైలెక్కి చెన్నై సెంట్రల్‌లో దిగి, గిండీలోనో తరమణిలోనో ఒక ల్యాబులో చేరిన కొత్త స్కాలర్‌ను ఆరు నెలల తర్వాత పలకరించండి. పని ఎలా సాగుతోందని అడిగితే చాలామంది చెప్పేది ఒకటే: "ఇంకా చదువుతున్నాను." ఏడాదికి అదే ప్రశ్న వేస్తే, "విత్తనాలు సరిగ్గా మొలవలేదు." రెండేళ్లకు, "పూత రాలేదు, వచ్చే సీజన్ దాకా ఆగాలి." వీళ్లంతా నెట్ రాసి నెగ్గినవాళ్లే. తెలివికి కొదవ లేదు, కష్టపడటానికి వెనుదీసేవాళ్లూ కారు. మరి తేడా ఎక్కడొస్తోంది?

చాలాసార్లు క్యాలెండరు దగ్గర. జేఆర్‌ఎఫ్ రెండేళ్లు, ఎస్‌ఆర్‌ఎఫ్ మూడేళ్లు, మొత్తం కలిపి ఐదు. మొక్కకు ఈ లెక్కతో పని లేదు. సాంబ మసూరి విత్తు నుంచి కోతకు రావడానికి దాదాపు ఐదు నెలలు పడుతుంది. డాక్టోరల్ కమిటీ మీటింగ్ దగ్గర పడిందని ఆ వరి నాలుగో నెలకే కోతకు రాదు. కెమిస్ట్రీ స్కాలర్ చెడిపోయిన ప్రయోగాన్ని మర్నాడే మళ్లీ మొదలుపెట్టగలడు. వృక్షశాస్త్ర స్కాలర్‌కు ఒక్కోసారి "మర్నాడు" అంటే వచ్చే ఏడాదే.

పరిశోధన మొదటి మూడేళ్లలో ఉన్నవాళ్ల కోసమే ఈ అధ్యాయం. సిద్ధాంతాలు మీ పాఠ్యపుస్తకాల్లో ఉన్నాయి, ఇక్కడ చేయాల్సిన పనుల గురించే మాట్లాడుకుందాం.

1. ప్రశ్నను మీ కాళ్ల దగ్గర వెతకండి

కొత్తగా చేరినవాళ్లు ప్రశ్న కోసం ముందుగా విదేశీ పత్రికల్లోకి వెళ్తారు. అక్కడ కనిపించిన పెద్ద ల్యాబు ప్రశ్ననే తీసుకుని, మొక్క పేరు మార్చి సినాప్సిస్ రాస్తారు. ఆ ల్యాబులో ఉన్న పరికరాలు మీ దగ్గర ఉన్నాయా? వాళ్లకంటే ముందు మీరు జవాబు చెప్పగలరా?

మద్రాసు విశ్వవిద్యాలయంలో నాచుల అధ్యయనానికి పునాది వేసిన ఎం.ఓ.పి. అయ్యంగార్ ఎండిపోతున్న వాన గుంటల తడిమట్టిని వంగి చూశారు. ఆ మట్టి మీద పెరిగే ఒక చిన్న ఆకుపచ్చ నాచును 1932లో శాస్త్రలోకానికి పరిచయం చేసి, తాను లండన్‌లో పనిచేసిన ఆచార్యుడు ఫ్రిచ్ పేరు మీద ఫ్రిచియెల్లా అని పేరు పెట్టారు. దానిలో ఒక భాగం మట్టిలో పాకుతుంది, ఇంకో భాగం పైకి లేస్తుంది. నీటి మొక్కలు నేల మీదికి ఎలా వచ్చి ఉంటాయన్న పెద్ద ప్రశ్నను చర్చించే పాఠాల్లో ఈ చిన్న నాచు ఇప్పటికీ కనిపిస్తుంది. ఆయన చూసినటువంటి గుంటలు చెన్నై చుట్టుపక్కల ప్రతి జనవరిలోనూ ఎండుతుంటాయి.

ఇంకా దగ్గరి ఉదాహరణ తిరుపతిది. పొన్నగంటి కూర తెలియని తెలుగిల్లు ఉండదు. దాని శాస్త్రీయనామం ఆల్టర్‌నాంథెరా సెసిలిస్. వరి లాగే ఇదీ సీ3 పద్ధతిలో కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకుంటుంది, ఎండ ముదిరితే పట్టుకున్నదాంట్లో కొంత పోగొట్టుకుంటుంది. అదే ప్రజాతికి చెందిన ముళ్ల కలుపు ఆల్టర్‌నాంథెరా పంజెన్స్ మాత్రం మొక్కజొన్న, చెరకుల్లా సీ4 పద్ధతి పాటించి ఆ నష్టాన్ని దాదాపుగా తప్పించుకుంటుంది. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో వి.ఎస్. రామదాసు బృందం వీటి బంధువులైన మరికొన్ని కలుపు మొక్కలను పరీక్షించి, వాటిలో రెండు జాతులు ఈ రెండు పద్ధతులకూ నడుమ ఉన్నాయని 1986లో ప్లాంట్ ఫిజియాలజీ పత్రికలో చూపించింది. సీ3 నుంచి సీ4 ఎలా పుట్టిందో తెలుసుకోవాలనుకునే వాళ్లకు ఇలాంటి నడిమి మొక్కలు ఎంత విలువైనవో చెప్పనక్కర్లేదు. రామదాసు బృందానికి ముడిసరుకు బాటల పక్కన, గట్ల మీద మొలిచే మొక్కలే.

కాబట్టి చేరిన మొదటి నెలలో రోజూ ఒక పూట చదవండి, ఒక పూట తిరగండి. చెరువు గట్టు, ఉప్పు మడులు, క్యాంపస్ పొదలు, కూరగాయల మార్కెట్, దేన్నీ వదలకండి. నచ్చిన ప్రశ్న దొరికిందా? అయితే దాన్ని మూడు రకాలుగా నిలదీయండి. ఒక్క సీజన్‌లో దీనికి చిన్న జవాబైనా వస్తుందా? జవాబు "కాదు" అని తేలినా రాయడానికి ఏమైనా మిగులుతుందా? ఈ మొక్క ఏడాదిలో ఎన్ని నెలలు నా చేతికి అందుతుంది? మూడో ప్రశ్న వేసుకోకుండా దిగినవాళ్లే రెండో ఏడాది చివర ఎక్కువగా బాధపడేది.

2. కోత రోజు నుంచి వెనక్కి లెక్కపెట్టండి

ఒక స్కాలర్ వేరుశనగ మీద నీటి ఎద్దడి ప్రభావం చూడాలనుకుంది అనుకోండి. ఆగస్టులో చేరింది, సెప్టెంబర్‌లో కుండీలు కొంది, అక్టోబర్‌లో విత్తింది. నవంబర్ రెండో వారంలో నీళ్లు ఆపాలి. చెన్నైలో నవంబర్‌లో నీళ్లు ఆపడం ఎవరి తరం? ఈశాన్య రుతుపవనాలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఊరిని ముంచెత్తే కాలమది. నెట్‌హౌస్ వల ఎండను తగ్గిస్తుందే గాని వానను ఆపదు. వారం పాటు జల్లు కొట్టాక ఎద్దడి కుండీలకూ నీళ్ల కుండీలకూ తేడా మిగలదు. ప్రయోగం ఆలోచన బాగానే ఉంది, పెట్టిన నెలే తప్పు.

మే నెలది ఇంకో రకం ఇబ్బంది. వరి పూత దశలో ఉష్ణోగ్రత 35 డిగ్రీలు దాటితే పుప్పొడి దెబ్బతిని తాలు గింజలు పెరుగుతాయి. చెన్నైలో మే నెల మధ్యాహ్నాలు ఆ గీతను తేలిగ్గా దాటేస్తాయి. ఉప్పునీటి ప్రయోగం కోసం ఫిబ్రవరిలో విత్తి, మేలో పూతకొచ్చిన మొక్కలకు తాలు ఎక్కువగా ఉంటే, అది మీరు వేసిన ఉప్పు ప్రభావమా, ఎండ దెబ్బా? పక్కన కంట్రోల్ మొక్కలకూ తాలు ఎక్కువగా ఉందని గమనించేసరికి ఒక పంట పోయి ఉంటుంది.

అందుకే పెద్ద చార్టు ఒకటి కొనండి. పన్నెండు నెలలకు పన్నెండు గళ్లు గీయండి. మొదటి వరసలో మొక్క దశలు రాయండి. రెండో వరసలో ఊరి వాతావరణం. మూడో వరసలో మీకు కావాల్సిన పరికరం ఎప్పుడు ఖాళీగా ఉంటుందో రాయండి, ఎందుకంటే చాలా విభాగాల్లో కిరణజన్య సంయోగక్రియను కొలిచే యంత్రం ఒక్కటే ఉంటుంది, పది మంది దాని కోసం కాచుకుని ఉంటారు. ఫెలోషిప్ గడువులు అన్నిటికంటే అడుగు వరసలో. ఇప్పుడు మీకు రీడింగ్ కావాల్సిన రోజు మీద వేలు పెట్టి వెనక్కి రండి. విత్తే రోజు దానంతటదే తేలుతుంది. ఐదేళ్లలో ఒక సీజన్ పూర్తిగా పోతుందని ముందే లెక్కలో వేసుకోండి. 2016 డిసెంబర్ 12న వర్దా తుపాను చెన్నైలో వేల చెట్లను కూల్చింది, దానికి ముందు ఏడాది డిసెంబర్‌లో వరదలు ఊరిని ముంచాయి. అలాంటి వారం మళ్లీ రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు. విలువైన విత్తనాలు రెండు చోట్ల, వీలైతే రెండు వేర్వేరు భవనాల్లో దాచండి. డీప్ ఫ్రీజర్‌కు జనరేటర్ కనెక్షన్ ఉందో లేదో ఈ వారమే అడిగి తెలుసుకోండి.

మొక్క కాలాన్ని మార్చలేకపోయినా, వృథా అయ్యే కాలాన్ని తగ్గించుకోవచ్చు. బాపట్లలో రూపుదిద్దుకుని 1986లో విడుదలైన బీపీటీ 5204, అంటే సాంబ మసూరి, తమిళనాడులో ఆంధ్రా పొన్ని పేరుతో చెలామణీ అవుతుంది. అన్నానికి అంత పేరున్న ఈ రకానికి బాక్టీరియా ఆకు ఎండు తెగులు తట్టుకునే శక్తి లేదు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ, వరి పరిశోధన డైరెక్టరేట్ శాస్త్రవేత్తలు తెగులును తట్టుకునే మూడు జన్యువులను మరో వరి నుంచి తెచ్చి, మళ్లీ మళ్లీ సాంబ మసూరితోనే సంకరం చేస్తూ వచ్చారు. ఏ పిల్ల మొక్కలో ఏ జన్యువు చేరిందో తెలుసుకోవడానికి పంట ముదిరి తెగులు సోకే దాకా కాచుకోలేదు. లేత ఆకు ముక్క నుంచి డీఎన్‌ఏ తీసి మార్కర్లతో పరీక్షించారు, పనికిరాని మొక్కలను మొదట్లోనే తీసేశారు. మెరుగుపరచిన సాంబ మసూరి 2008లో విడుదలైంది. మీ పనిలో కూడా అడగండి: కోత దాకా ఆగకుండా, లేత దశలోనే తేల్చుకోగల సంగతి ఏదైనా ఉందా?

3. పేరు తేలకుండా రీడింగ్ తీయకండి

చెన్నై నాటుమందుల దుకాణంలో "శంఖపుష్పి" అడిగి కొన్న ఎండు మొక్కతో నెలల తరబడి రసాయన పరీక్షలు చేసే స్కాలర్లు ఉంటారు. ఆ పేరుతో మన దేశంలో కనీసం మూడు వేర్వేరు మొక్కలు అమ్ముడవుతాయి: కాన్వాల్వులస్, ఇవాల్వులస్, మన పెరట్లో నీలంగా పూసే శంఖుపూల తీగ క్లిటోరియా. బ్రాహ్మి అంటే ఒకచోట బకోపా, ఇంకోచోట సెంటెల్లా అనే సరస్వతి ఆకు. ఏ మొక్కో తేలకపోతే మీ రీడింగ్‌లన్నీ దేని గురించి?

సేకరించిన ప్రతి మొక్కకూ పూతో కాయో ఉన్న కొమ్మను నొక్కి హెర్బేరియం షీటు చేయండి. సేకరణ సంఖ్య, తేదీ, ఊరు, జీపీఎస్ గుర్తు, పువ్వు రంగు అక్కడికక్కడే రాసుకోండి. ఎండాక రంగు మారిపోతుంది, మీ జ్ఞాపకం కూడా మసకబారుతుంది. చెన్నై గాలిలో తేమ ఎక్కువ కాబట్టి నొక్కిన కాగితాలు రోజూ మార్చాలి, వానాకాలంలో పూటపూటకూ మార్చినా తప్పులేదు, లేకపోతే మూడో రోజుకే బూజు పడుతుంది. గుర్తుపట్టడానికి గాంబుల్ రాసిన మద్రాసు ప్రెసిడెన్సీ ఫ్లోరా ఇప్పటికీ నమ్మకమైన తోడు. 1915 నుంచి 1936 దాకా భాగాలుగా వచ్చిన ఆ గ్రంథంలో నెల్లూరు, చిత్తూరు మొక్కలూ ఉన్నాయి. అందులోని పేర్లు కొన్ని తర్వాత మారాయి, కాబట్టి క్యూ ఉద్యానం వారి ఆన్‌లైన్ జాబితాలో సరిచూసుకోండి. ఒక షీటు మీ విభాగంలో ఉంచి, ఇంకొకటి కోయంబత్తూరులో బొటానికల్ సర్వే నడిపే మద్రాస్ హెర్బేరియం లాంటి చోట చేర్చే ప్రయత్నం చేయండి.

4. కాగితాల పని ముందే ముగించండి

రక్షిత అడవిలో ఆకు కోయాలంటే అటవీశాఖ అనుమతి కావాలి. విదేశంలో ఉన్న స్నేహితురాలు కవర్లో విత్తనాలు పంపిస్తానంటే వద్దనండి. పరిశోధన విత్తనాలు ఢిల్లీలోని ఎన్‌బీపీజీఆర్ దిగుమతి అనుమతితోనే దేశంలోకి రావాలి. మీ శాంపిల్ బయటి దేశపు ల్యాబుకు వెళ్లాలంటే 2002 జీవవైవిధ్య చట్టం ఏమంటుందో చూడాలి. ఆ చట్టాన్ని అమలుచేసే జాతీయ జీవవైవిధ్య సంస్థ కేంద్ర కార్యాలయం తరమణిలోనే ఉంది. దేశంలో మిగతా స్కాలర్లు ఉత్తరాలతో తంటాలు పడే చోటికి మీరు సిటీ బస్సులో వెళ్లి సందేహం తీర్చుకోవచ్చు. అనుమతి వచ్చేసరికి పూతకాలం దాటిపోవచ్చు, అందుకే దీనికీ మీ చార్టులో ఒక వరస ఉండాలి.

5. ఒక మొక్కకున్న మూడు ఆకులు మూడు మొక్కలు కావు

కొత్త స్కాలర్ల పనిలో ఎక్కువగా కనిపించే తప్పు ఇదే. రెండు కుండీలు: ఒకదానికి ఉప్పునీళ్లు, ఒకదానికి మామూలు నీళ్లు. ఒక్కో కుండీలో ఐదు మొక్కలు, ఒక్కో మొక్క నుంచి మూడు ఆకులు. "సార్, పదిహేను రెప్లికేట్లు" అని పట్టిక వేస్తారు. నిజానికి ఉన్నది ఒక్కో రకానికి ఒక్క కుండీ. ఆ కుండీలో మట్టి గట్టిపడి ఉంటే, అడుగున రంధ్రం మూసుకుపోయి ఉంటే, పదిహేను ఆకులూ ఒకే కథ చెబుతాయి. ఆ కథ ఉప్పుదో కుండీదో మీరు చెప్పలేరు. దేనికి వేరుగా ఉప్పు కలిపారో అదే మీ లెక్కింపు ప్రమాణం. కుండీకి కలిపితే కుండీ, మడికి కలిపితే మడి.

ఇంకొకటి. కంట్రోల్ కుండీలన్నీ తలుపు వైపు, ఉప్పు కుండీలన్నీ గోడ వైపు పెట్టడం సౌకర్యంగా ఉంటుంది. తలుపు వైపు గాలి ఎక్కువ, గోడ వైపు వేడి ఎక్కువ. చీటీలు వేసి కుండీల స్థానాలు నిర్ణయించండి, వారానికోసారి మార్చండి. కొలిచేవాళ్లకు ఏ కుండీ ఏదో తెలియకుండా సంఖ్యలు మాత్రమే రాయండి. గణాంకాల టీచర్‌ను కోత తర్వాత కలిస్తే ఆయన చేయగలిగింది చాలా తక్కువ, విత్తడానికి ముందే ఆయన తలుపు తట్టండి.

చచ్చిన మొక్కలను నోటుబుక్కులోంచి తీసేయకండి. ఏ రోజు, ఎన్ని, ఎలా అన్నది రాయండి. ఉప్పు వేసిన కుండీల్లో బతికినవాటినే కొలిస్తే, గట్టి మొక్కలను మాత్రమే ఎంచుకుని కొలిచినట్టే కదా?

6. గైడ్‌కు కబురు కాదు, వివరం చెప్పండి

వారం మీటింగ్‌లో "పని జరుగుతోంది సార్" అనే మాట ఎవరికీ ఉపయోగపడదు. ఇలా చెప్పి చూడండి: "మేడమ్, నలభై కుండీల్లో పదకొండు పోయాయి. వేరు కోసి చూశాను, కుళ్లింది. నీళ్లు ఎక్కువయ్యాయని అనుమానం. సోమవారం మళ్లీ విత్తితే జనవరి ఆఖరుకు పూత చూడొచ్చు. విత్తమంటారా?" ఇందులో జరిగింది ఉంది, కారణం ఉంది, తర్వాతి అడుగు ఉంది. ఎంత తీరికలేని గైడైనా దీనికి రెండు నిమిషాల్లో జవాబిస్తారు. చెడు వార్తను దాచి మూడు నెలల తర్వాత చెబితే, ఆ మూడు నెలలు తిరిగి తెచ్చుకోలేరు.

తోటలో పనిచేసే సిబ్బందితో కూడా ఇలాగే మసలుకోండి. ఏ కుళాయి నీళ్లు ఉప్పగా వస్తాయో, ఏ మూలకు ఎలుకలు చేరతాయో వాళ్లకు తెలుసు. ఇరవై ఏళ్లుగా అక్కడే ఉన్న మనిషిని "అన్నా" అని పలకరించి, నాలుగు తమిళ ముక్కలు నేర్చుకుని మాట్లాడే తెలుగు స్కాలర్‌కు దొరికే సమాచారం ఏ మాన్యువల్‌లోనూ ఉండదు.

7. మొక్క మారినా మీతో వచ్చే పనితనం సంపాదించండి

"నేను ఫలానా మొక్క మీద చేశాను" అన్నది ఉద్యోగం వెతుక్కునేటప్పుడు కొంతదూరమే పనికొస్తుంది. "నాకు ఫలానా పని బాగా వచ్చు" అన్నది చాలా దూరం వస్తుంది. దీనికి ఇ.కె. జానకి అమ్మాళ్ కంటే మంచి సాక్ష్యం దొరకదు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో చదివి, విమెన్స్ క్రిస్టియన్ కాలేజీలో పాఠాలు చెప్పి, మిషిగన్ విశ్వవిద్యాలయంలో 1931లో డాక్టరేట్ పొందిన ఆమె చేతిలో ఉన్న గట్టి పనితనం క్రోమోజోములను చదవడం. కోయంబత్తూరులో ఆ పని చెరకు మీద చేశారు. ఇంగ్లండ్‌లోని జాన్ ఇన్నిస్ సంస్థలో ఉండగా సి.డి. డార్లింగ్టన్‌తో కలిసి సాగుమొక్కల క్రోమోజోముల అట్లాస్ రాశారు. అది 1945లో వచ్చింది. తర్వాత విస్లీ ఉద్యానంలో మాగ్నోలియా పూలచెట్ల మీద పనిచేశారు. ఒక మాగ్నోలియా రకానికి ఆమె పేరే ఉంది. మద్రాసుకు తిరిగొచ్చి విశ్వవిద్యాలయ వృక్షశాస్త్ర కేంద్రంలో ఎమెరిటస్ శాస్త్రవేత్తగా మధురవాయిల్ క్షేత్రంలో ఔషధ మొక్కలు పెంచుతూ, 1984లో కన్నుమూసే దాకా పని ఆపలేదు. ఆమె చదువుకున్న కాలంలో ఒక అమ్మాయికి ఈ దారి ఎంత ఇరుకుగా ఉండేదో తలచుకుంటే ఆ పట్టుదలకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

మీరు చేయాల్సింది ఏమిటి? ఏడాదికి ఒక పనిలో చేయి తిరగాలని పెట్టుకోండి. పలచగా కోసి సూక్ష్మదర్శినిలో కణజాలం చూడటం కావచ్చు, టిష్యూ కల్చర్ కావచ్చు, జన్యుక్రమాల డేటాను కంప్యూటర్‌లో విశ్లేషించడం కావచ్చు. పక్క ల్యాబు సీనియర్‌కు మీకొచ్చిన పని నేర్పి, వాళ్లకొచ్చింది మీరు నేర్చుకోండి. రూపాయి ఖర్చు లేని శిక్షణ ఇది.

8. పేపర్‌కు తొందరపడకండి, ఆలస్యమూ చేయకండి

డబ్బు కడితే పది రోజుల్లో అచ్చేస్తామని మీ మెయిల్‌కు ఉత్తరాలు వస్తున్నాయా? వాటి వలలో పడాల్సిన పని లేదు. థీసిస్ సమర్పించాలంటే ముందే పేపర్ ఉండి తీరాలన్న నిబంధనను యూజీసీ 2022లో తీసేసింది. మీ విశ్వవిద్యాలయం సొంత నియమం ఏమిటో మాత్రం కనుక్కోండి. పత్రికల నాణ్యతకు యూజీసీ నడిపిన కేర్ జాబితా కూడా 2025లో రద్దయింది, కాబట్టి పత్రిక మంచిచెడ్డలు తేల్చుకోవాల్సిన బాధ్యత ఇప్పుడు మీదీ మీ గైడ్‌దీ. సంపాదకవర్గంలో ఉన్నవాళ్ల పని మీకు తెలుసా? మీరు చదివే మంచి పేపర్లు ఆ పత్రికను ఉదహరిస్తున్నాయా? ఈ రెంటికీ జవాబు లేకపోతే పంపకండి. ప్రభుత్వ సంస్థల్లో ఉన్నవాళ్లకు 2025 జనవరి నుంచి ఒకే దేశం ఒకే చందా పథకం కింద సుమారు 13,000 పత్రికలు అందుబాటులోకి వచ్చాయి. చదవడానికి దొరకలేదన్న మాట వాళ్లకు ఇక చెల్లదు.

ఒక సీజన్ రీడింగ్‌లు పూర్తయిన వారంలోనే పద్ధతుల భాగం రాసేయండి. కుండీ కొలత, మట్టి పాళ్లు, నీళ్లు పోసిన వేళలు అప్పుడే చేతికి అందుతాయి. మూడేళ్ల తర్వాత అవన్నీ ఊహించి రాయాల్సి వస్తుంది.

9. డబ్బు సంగతి

2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్‌కు నెలకు 37,000 రూపాయలు, ఎస్‌ఆర్‌ఎఫ్‌కు 42,000, ఇంటి అద్దె భత్యం అదనం. మొత్తం సరిపోయేదే, చేతికందే తేదీయే నమ్మకం లేనిది. మొదటి ఏడాదిలోనే మూడు నెలల ఖర్చు పక్కన పెట్టండి. ఇంటికి పంపాల్సిన బాధ్యత ఉంటే, ఫెలోషిప్ ఆలస్యం కావచ్చని అమ్మానాన్నలకు ముందే చెప్పండి. ఏఎన్‌ఆర్‌ఎఫ్ పోస్ట్‌డాక్టోరల్ ఫెలోషిప్, ఇన్‌స్పైర్ ఫ్యాకల్టీ లాంటివాటి వయోపరిమితి, దరఖాస్తు గడువులు నాలుగో ఏడాది మొదట్లోనే చార్టు అడుగు వరసలో రాసిపెట్టుకోండి. దరఖాస్తుకు ఇద్దరి సిఫారసు లేఖలు కావాల్సి వస్తే, వాళ్లకు కనీసం నెల రోజుల ముందు చెప్పండి. ఆ నెలలో మీ మొక్క పూతకొస్తుందేమో కూడా అదే చార్టులో చూసుకోండి.